రావుల్ కొచాల్‌స్కీ 1938 నాక్టర్న్: ఈ గరగరలో మీకేం వినిపిస్తోంది?

నల్లమెట్లు_తెల్లమెట్లు
షోపాన్ (పంతొమ్మిదో శతాబ్దపు పోలిష్ స్వరకర్త) రాసిన నాక్టర్న్, అంటే రాత్రి ధోరణిలో సాగే పియానో ముక్క, ఓపస్ (రచన సంఖ్య) 9 నంబర్ 2 సాధన చేస్తున్నా. అందరికీ తెలిసిన ఆ ఈ-ఫ్లాట్ మేజర్ ముక్కే. ఎక్కడ చూసినా "కొచాల్‌స్కీ 1938 రికార్డు వినకుండా దీని జోలికి పోవద్దు" అని ఎవరో ఒకరు రాసి పెడుతున్నారు. పోలండ్ ఆయనట, పియానిస్టు, కంపోజరు, ఇప్పుడు ఎవరికీ పట్టదట. సరే చూద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా. మొదలవగానే గరగర. దాని వెనకాల ఎక్కడో పియానో. ఎడమ చెయ్యి ఒకసారి పడుతుంది, కుడి చెయ్యి కాస్త ఆగి పడుతుంది. నేనలా వాయిస్తే మా టీచరు మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లయ చూపించే పెట్టె) తెచ్చి ముందు పెడతారు. పైగా నా పుస్తకంలో లేని పరుగులు బోలెడు. కింద కామెంట్లలో మాత్రం "షోపాన్ శిష్యుడి శిష్యుడు" అంటూ దణ్ణాలు. వంశం చూసి పెడుతున్నారా, వాయించింది విని పెడుతున్నారా? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. సరే, కొంచెం వెటకారం కూడా ఉంది.

పాత_సామాను
పుస్తకంలో లేని పరుగులు వేస్తున్నాడని కోపమా? ఆ రికార్డు కోసం జనం ఎగబడేది వాటికోసమేనండీ.

లక్కరికార్డు
ముందు మనిషెవరో చెప్పుకుందాం, తర్వాత గరగర సంగతి.

కొచాల్‌స్కీ వార్సాలో పుట్టాడు. సంవత్సరం 1884 అని కొందరు, 1885 అని కొందరు. నాలుగేళ్ళకే కచేరీలో కూర్చోబెట్టారు. బాల మేధావుల పిచ్చి యూరప్‌లో జోరుగా ఉన్న రోజులు. 1892 నుంచి 1895 దాకా వేసవుల్లో ఎల్వూవ్‌లో కారోల్ మికూలి దగ్గర పాఠం. ఎల్వూవ్ అంటే ఇవాళ్టి ఉక్రెయిన్‌లోని ల్వీవ్, అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ కింద ఉండేది. ఈ మికూలి 1840లలో పారిస్‌లో షోపాన్ దగ్గర స్వయంగా నేర్చుకున్నవాడు. గురువుగారి పాఠాల్లో పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నాడు, 1879లో షోపాన్ రచనలన్నీ పరిష్కరించి లైప్జిగ్‌లో అచ్చు వేయించాడు. షిర్మర్ అనే ప్రచురణకర్తల పాత షోపాన్ పుస్తకాల్లో చాలావాటి మీద సంపాదకుడి పేరు ఈయనదే. మీ అల్మారాలో ఒకటి ఉన్నా ఉండొచ్చు.

పాఠం రోజుకు రెండు గంటలు నడిచేదని కొచాల్‌స్కీ తర్వాత రాసుకున్నాడు. కూర్చునే తీరు, వేలు మెట్టు మీద ఆనే తీరు, పెడల్ ఎప్పుడు వదలాలి, ఏదీ గాలికి వదిలేవాడు కాదట మికూలి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి! మికూలి 1897లో పోయాడు. అంటే ఆయన చివరి శిష్యుల్లో వీడొకడు.

1910లో షోపాన్ శతజయంతి వచ్చేసరికి మన కుర్రాడు నాలుగు సాయంత్రాలు వరసగా షోపానే వాయించే కచేరీ మాల తయారు చేసుకున్నాడు. 1936లో షోపాన్ మీద జర్మన్‌లో పుస్తకం రాశాడు. 1920ల నుంచి 1948 దాకా రికార్డులు. ఆ 1948 నవంబర్‌లోనే పోజ్నాన్‌లో కన్నుమూశాడు.

డాలస్_బాబాయ్
1896లో లైప్జిగ్‌లో వెయ్యో కచేరీ చేశాడని ఎక్కడో చదివా. అప్పటికి పన్నెండేళ్ళు! 1888లో మొదలెట్టాడనుకున్నా ఏడాదికి నూట పాతిక. మావాడికి పన్నెండేళ్ళొచ్చాయి, ఏడాదికి నూట పాతిక సార్లు పళ్ళు తోమించడమే గగనంగా ఉంది.

పాత_సామాను
@డాలస్_బాబాయ్ ఆ రోజుల్లో ఇంప్రెసారియోలు (కచేరీలు ఏర్పాటు చేసేవాళ్ళు) పోస్టర్ మీద ఏం వేసినా చెల్లేది. పిల్లాడి వయసు రెండేళ్ళు తగ్గించడం కూడా మామూలే. 1884, 1885 గొడవ అక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం. అనుమానమే సుమా.

తంత్రీలయ
నేను పియానో పాఠాలు చెబుతాను, కాబట్టి నల్లమెట్లు గారి టీచరు పక్షం నుంచే మొదలుపెడతా. మెట్రోనోమ్ పెట్టడం తప్పేం కాదు.

కానీ రికార్డు మళ్ళీ ఒక్కసారి ఇలా వినండి. ఈ నాక్టర్న్‌లో అసలు పాట నాలుగే బార్లు (తాళంలో నాలుగు ఆవృతాలు). బీ-ఫ్లాట్ మీద నుంచి పైన జీకి ఒక గెంతు, అక్కణ్ణుంచి మెల్లగా దిగడం. ఆ నాలుగు బార్లే మళ్ళీ మళ్ళీ తిరిగొస్తాయి, వచ్చిన ప్రతిసారీ షోపాన్ కొత్త నగ పెడతాడు. ఇది మీ పుస్తకంలోనే ఉంది. అచ్చయింది 1832లో. అచ్చయిపోయాక కూడా ఆయన ఊరుకోలేదు. శిష్యులు పుస్తకం పట్టుకొస్తే అందులోనే పెన్సిలు పెట్టి ఇక్కడ ఇలా వాయించు, అక్కడ ఈ పరుగు వెయ్యి అని రాసిచ్చేవాడు. ఒక్కో శిష్యుడి కాపీలో ఒక్కోలా ఉంటుంది. కొచాల్‌స్కీ వాయించింది మికూలి ద్వారా వచ్చిన ఆ పెన్సిలు రాతల్నే. ఇప్పుడు పోలండ్ వాళ్ళ నేషనల్ ఎడిషన్‌లో యాన్ ఎకీర్ గారు వీటిని విడిగా అచ్చు వేశారు కూడా. పుస్తకంలో లేదనే ఫిర్యాదుకు అదీ జవాబు: మీ పుస్తకంలో లేదు, అంతే.

ఇక వాయించిన తీరు. ఆ పరుగులు వచ్చినప్పుడు ఇవాళ్టి పిల్లలు ఏం చేస్తారంటే, "ఇదిగో వస్తోంది" అన్నట్టు ముందు కాస్త ఆగి, ప్రతి స్వరం విడివిడిగా వినపడేలా మెరుగుపెట్టి వాయిస్తారు. ఈయన ఆగడు. పరుగు మామూలు మాటల్లో మాటగా వచ్చి వెళ్ళిపోతుంది. వేలు ఎత్తి కొట్టిన చప్పుడే ఉండదు. చివర్లో లయ ఆపేసి చిన్న అక్షరాల్లో అచ్చేసిన పరుగు ఉంటుంది చూడండి, అక్కడైనా హడావిడి చేస్తాడేమో అనుకుంటాం. చెయ్యడు. నాకు ఒళ్ళు జలదరించేది అక్కడ.

మృదంగం_మూర్తి
పాశ్చాత్య సంగీతం నాకు అట్టే తెలీదు. తంత్రీలయ మేడం రాశారని విన్నా. ఒక్క విషయం చెప్తా. నల్లమెట్లు గారు చేతులు కలవట్లేదు అన్నారు కదా, నేను మొదట కుడిచెయ్యి వదిలేసి ఎడమచేతి మీదే తాళం వేసుకుంటూ కూర్చున్నా. పన్నెండు, మూడేసి చొప్పున నాలుగు దెబ్బలు. ఎడమ చెయ్యి ఎక్కడా తప్పట్లేదు సార్! సాగేది కుడి చెయ్యే. పాడేవాడు ఎత్తుగడ అరక్షణం ఆలస్యంగా అందుకుని సమానికి వచ్చి పడతాడు చూడండి, మేం ఆయన కోసం తాళం సాగదియ్యం, ఆయనే వచ్చి కలుస్తాడు. అదే ఇది.

లక్కరికార్డు
@మృదంగం_మూర్తి మాస్టారు, మీరు చెవితో పట్టుకున్నదే మికూలి తన 1879 ఎడిషన్ ముందుమాటలో రాశాడు. తోడు వాయించే చెయ్యి కచ్చితంగా లయలో ఉండాలి, పాడే చెయ్యికి స్వేచ్ఛ. షోపాన్ అలాగే వాయించేవాడట. రుబాటో (లయను కాస్త సాగదీయడం, బిగించడం) పేరుతో రెండు చేతులూ కలిపి ఊగిపోవడం తర్వాత తరాల అలవాటు.

వరంగల్_వాయిద్యం
నాకొక డౌటున్నది. అందరు కోప్పడకుండ్రి. షోపాన్ చచ్చిపోయింది 1849ల. మికూలి ఆయన దగ్గర నేర్సుకొని నలభై ఏండ్లు దాటినంక గీ పోరగానికి చెప్పిండు. ఆ పోరడు పెద్దగై ఇంకో నలభై ఏండ్లకు రికార్డు చేసిండు. నడుమ తొంభై ఏండ్లు! మా గురువుగారు నేర్పిన పాట నేనే పదేండ్లకు నా తీరుగ మార్చుకున్న. గసుంటిది, గా రికార్డుల షోపాన్ వినవడుతున్నడు అంటే ఎట్ల నమ్మాలె? పరంపర అని పేరు వెట్టంగనే చెవులు మూసుకోవాల్నా?

పాత_సామాను
నిప్పు పెట్టాడురా బాబూ.

తంత్రీలయ
@వరంగల్_వాయిద్యం నిజమైన ప్రశ్న. "షోపాన్ స్వయంగా ఇలాగే వాయించాడు" అని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకోను. కానీ పెన్సిలు రాతలు గాల్లోంచి పుట్టలేదు, అవి కాగితం మీద ఉన్నాయి. తీరు మారి ఉండొచ్చు, సరుకు మారలేదు.

లక్కరికార్డు
వరంగల్ అన్న అడిగినదానికి ఒక మంచి పరీక్ష ఉంది. మికూలి దగ్గర నేర్చుకున్న వాళ్ళలో కొచాల్‌స్కీ ఒక్కడే కాదు, రికార్డులు ఇచ్చిన వాళ్ళు ఇంకా ఉన్నారు. మోరిట్జ్ రోజెంతాల్ ఎల్వూవ్‌లో పుట్టి చిన్నప్పుడు మికూలి దగ్గరే నేర్చుకున్నాడు, తర్వాత పేరుమోసిన పియానిస్టు లిస్ట్ దగ్గర చేరాడు. వార్సాలో అలెక్సాందర్ మిహవోవ్‌స్కీ కూడా మికూలి దగ్గర షోపాన్ గురించి తెలుసుకున్నవాడే, ఆయన 1900ల మొదట్లోనే రికార్డులు ఇచ్చాడు. ముగ్గురినీ పక్కపక్కన పెట్టి వింటే ఒకరికొకరు పోలికే ఉండదు! మిహవోవ్‌స్కీది జోరు, వేళ్ళ మీద నిప్పులు. రోజెంతాల్‌ది చమత్కారం, ముసలితనంలో వాయించినవైతే గుసగుస. కొచాల్‌స్కీ నిదానస్తుడు, తేలిక చెయ్యి.

ఇదే నాక్టర్న్‌ను రోజెంతాల్ కూడా 1930లలో రికార్డు చేశాడు. అదే గురువు, అదే పాట, దాదాపు అవే రోజులు. రెండూ వినండి. ఇద్దరికీ ఎక్కడ పొత్తు కుదిరిందో అది మికూలి ఇచ్చింది అయ్యుండొచ్చు. మిగతాది ఎవరి సొమ్ము వాళ్ళది.

వరంగల్_వాయిద్యం
గిది మంచిగున్నది. గిట్ల చెప్తే ఒప్పుకుంట. రెండూ ఇనొస్త.

వార్సా_వలస
పోలండ్‌లో ఉద్యోగం. మా ఆఫీసులో పోలిష్ వాళ్ళని కొచాల్‌స్కీ తెలుసా అని అడిగితే "ఫుట్‌బాలరా?" అన్నాడొకడు. పియానిస్టుల్లో రూబిన్‌స్టైన్ తెలుసు, జిమర్‌మన్ తెలుసు, పదెరెవ్‌స్కీ పేరు మీద వీధులున్నాయి. ఈయన ఊసే లేదు. ఐదేళ్ళకోసారి షోపాన్ పోటీలప్పుడు మాత్రం ఊరు ఊరంతా పియానో గురించే మాట్లాడుతుంది, ట్యాక్సీవాడితో సహా. ఆ పోటీ 1927లో మొదలుపెట్టిన యెజీ జురావ్‌లెవ్ మిహవోవ్‌స్కీ శిష్యుడే. లక్కరికార్డు గారు పైన చెప్పిన గొలుసులో ఇదొక కొస.

డాలస్_బాబాయ్
పదెరెవ్‌స్కీ 1919లో ఏకంగా ప్రధానమంత్రి అయ్యాడు కదా. పాపం మన రావు గారు వార్డు మెంబరు కూడా కాలేదు, ఎవరు గుర్తుపెట్టుకుంటారు.

పాత_సామాను
రావుల్ కాస్తా రావు గారైపోయాడు. ఇక గోత్రం అడగండి.

నల్లమెట్లు_తెల్లమెట్లు
😂 గోత్రం షోపానస, సూత్రం మికూలి.

ఇంతకీ ఎందుకు మరుగున పడ్డాడు? మంచి పియానిస్టే అయితే?

లక్కరికార్డు
నాకు తోచింది చెప్తా. ఆయన బతుకు చాలావరకు జర్మనీ చుట్టూ తిరిగింది. అమెరికాలో పేరు రాలేదు. ఆ కాలపు పియానిస్టుల్లో ఇప్పటికీ మనం తలుచుకునే హోఫ్‌మన్, రాహ్మానినోవ్, గొదోవ్‌స్కీ అందరూ అమెరికాలో జెండా పాతినవాళ్ళే. ఈయన రికార్డులేమో జర్మన్ కంపెనీలవి. యుద్ధకాలమంతా బెర్లిన్‌లో చిక్కుకున్నాడు. యుద్ధమయ్యాక పోలండ్ తిరిగొచ్చి పోజ్నాన్‌లో పాఠాలు చెబుతూ మళ్ళీ నిలదొక్కుకుంటుండగా పోయాడు. అది 1948 నవంబర్. ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు అమెరికాలో బజారుకొచ్చింది అదే ఏడాది జూన్‌లో. మరుసటి ఏడు షోపాన్ వందో వర్ధంతి, లోకమంతా షోపానే షోపాన్. రెండు బస్సులూ ఒక్క ఏడాది తేడాతో తప్పిపోయాయి.

వార్సా_వలస
దానికి ముందు ఒక సంగతి జరిగింది. 1948లోనే వార్సాలో బెల్వెదెర్ ప్యాలెస్‌లో షోపాన్ వాడిన ప్లేయెల్ కంపెనీ పియానో మీద వాయించాడు. అది రికార్డయింది, సీడీగా కూడా వచ్చింది. యుద్ధంలో వార్సా నేలమట్టమై నాలుగేళ్ళు కాలేదు, ఆ ఊళ్ళో ఆ పియానో మీద. వింటే పియానో శ్రుతి అంత బాగుండదు, స్వరం కొట్టగానే ఆరిపోతుంది. ఇప్పటి స్టైన్‌వే పియానోలా మోగదు. అయినా నేను ఎక్కువసార్లు వినేది అదే.

తంత్రీలయ
అది చరిత్రగా వినాలి. వాయిద్యంగా వింటే వేళ్ళు అలిసిపోయాయని తెలిసిపోతుంది. కొత్తగా వినేవాళ్ళు అక్కణ్ణుంచి మొదలుపెట్టొద్దు. 1938, 39 ప్రాంతం ఎతూద్‌లు (సాధన కోసం రాసిన ముక్కలు), ప్రెల్యూడ్‌లు (చిన్న ముక్కలు) వినండి, చెయ్యి ఇంకా వాడిగా ఉంది.

సూదిమొన
ఇందాకట్నుంచి చూస్తున్నా, గరగర గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను పాత రికార్డులు డిజిటల్ చేస్తుంటా, సరదాకే.

నల్లమెట్లు గారూ, మీరు విన్నది ఎవరి అప్‌లోడ్? అక్కడే సగం కథ. 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డు) గాడి వెడల్పు. ఎల్పీ సూది మొన ఒక మిల్ (అంగుళంలో వెయ్యో వంతు), 78కి దాదాపు మూడు మిల్ కావాలి. ఇంట్లో ఉన్న ఎల్పీ సూదితోనే కానిచ్చేస్తే అది గాడి అడుగున పడి దొర్లుతూ అక్కడున్న చెత్తంతా ఎత్తుకొస్తుంది. మీరు విన్న గరగరలో ఎంత రికార్డుదో, ఎంత సూదిదో ఎవరికి తెలుసు.

రెండోది వేగం. పేరుకే 78. అన్నీ ఆ వేగంలోనే చెక్కలేదు. తిప్పేవాడు ఏ వేగంలో తిప్పాడో చూసుకోకపోతే శ్రుతి మారిపోతుంది. దాదాపు ఆరు శాతం ఎక్కువ తిరిగితే అరస్వరం పైకి పోతుంది. నాక్టర్న్ ఈ-ఫ్లాట్‌లో ఉండాలి. మీ కీబోర్డు మీద ఈ-ఫ్లాట్ నొక్కి పట్టుకుని రికార్డు వినండి. దానికి కాక పక్కనున్న పై మెట్టుకు, అంటే ఈ (E) స్వరానికి, కలిస్తే అది వేగంగా తిప్పిన కాపీ. అలాంటి కాపీలో కొచాల్‌స్కీ కంగారుగా, సన్నగా వినిపిస్తాడు. ఆయన తప్పేం లేదు.

మూడోది అన్నిటికంటే ఘోరం. గరగర పోవాలని సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ మొత్తం తిప్పేస్తారు. ఆ గరగర ఉండే చోటే పియానో పైస్థాయి హార్మోనిక్స్ (స్వరానికి మెరుపునిచ్చే సన్నని నాదాలు) కూడా ఉంటాయి. గరగరతో పాటు అవీ పోతాయి. మిగిలేది నీళ్ళలో మునిగిన పియానో. స్వరం మొదట తగిలే దెబ్బ, ఆ తర్వాత గాల్లో మిగిలే మెరుపు, రెండూ పోయాక ఇక ఆయన చెయ్యి తేలికో బరువో ఎలా తెలుస్తుంది? నేనైతే టక్కుటక్కుమనే చప్పుళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తీసి, సరసర అలాగే ఉంచేస్తా. రెండు నిమిషాలకు చెవి దాన్ని మర్చిపోతుంది.

నల్లమెట్లు_తెల్లమెట్లు
@సూదిమొన ఇప్పుడే కీబోర్డు పెట్టి చూశా. నేను విన్నది ఈ-ఫ్లాట్‌కీ ఈకీ మధ్య, ఈకే దగ్గర! ఇంకో కాపీ వెతికితే దొరికింది, సరిగ్గా ఈ-ఫ్లాట్. అందులో అదే మనిషి ఎంత తాపీగా ఉన్నాడో. గరగర ఇందులో ఇంకా ఎక్కువే, కానీ పియానో ముందుకొచ్చి కూర్చుంది.

సూదిమొన
చెప్పా కదా. రాయల్టీ పంపండి.

గోదారిగాలి
అందరూ కొచాల్‌స్కీ భజన చేస్తున్నారు కాబట్టి ఒక అపస్వరం. పోలండ్‌లోనే ఈయన కంటే పెద్ద మాంత్రికుడు ఇగ్నాజ్ ఫ్రీడ్‌మన్. క్రాకోవ్ పక్కన పొద్‌గూజెలో 1882లో పుట్టాడు. వియన్నాలో పేరుమోసిన పియానో గురువు లెషెటిట్‌స్కీ శిష్యుడు. 1904లో వియన్నా తొలి కచేరీలో ఒకే సాయంత్రం మూడు కాన్సర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచనలు): బ్రామ్స్, చైకోవ్‌స్కీ, లిస్ట్. ఆయనా కంపోజరే, షోపాన్ రచనల ఎడిషన్ ఆయనా వేశాడు. 1936లో రికార్డు చేసిన ఓపస్ 55 నంబర్ 2 నాక్టర్న్ వినండి. కుడిచేతిలోనే రెండు గొంతులు మాట్లాడుకుంటాయి. 1930 నాటి మజుర్కాలైతే (పోలిష్ నాట్యపు ముక్కలు) మనిషి లేచి గంతేస్తాడు. ఆయన చివరి రోజులు కూడా ఎక్కడెక్కడో. యుద్ధం వచ్చినప్పుడు ఆస్ట్రేలియా వెళ్ళి సిడ్నీలో ఉండిపోయాడు, చెయ్యి పట్టేసి 1943లో వాయించడం మానేశాడు, 1948 జనవరి 26న పోయాడు. కొచాల్‌స్కీ పోయిన ఏడాదే. ఫ్రీడ్‌మన్ విన్న చెవితో కొచాల్‌స్కీ వింటే చప్పగా ఉంటుంది, ఏమనుకోకండి.

పాత_సామాను
@గోదారిగాలి ఏమనుకుంటామండీ, పులిహోర తిన్నాక పెరుగన్నం చప్పగానే ఉంటుంది.

లక్కరికార్డు
ఫ్రీడ్‌మన్ మజుర్కాల విషయంలో నేను నోరెత్తను, అవి అంతే. కానీ ఫ్రీడ్‌మన్ మరుగున పడ్డాడనడానికి లేదు. పాత రికార్డుల నుంచి వార్డ్ మార్స్టన్ శుభ్రం చేసి ఎక్కించిన కాపీలతో నాక్సోస్ కంపెనీ వరసగా సీడీలు వేసింది, ఇంగ్లీషులో జీవితచరిత్ర కూడా వచ్చింది. పియానో పిచ్చోళ్ళందరికీ ఆయన దేవుడే. కొచాల్‌స్కీకి ఆ అదృష్టం ఇప్పుడిప్పుడే పడుతోంది.

తంత్రీలయ
గోదారిగాలి గారు చప్పగా అన్న చోటే నాకు రుచి దొరికింది. ఫ్రీడ్‌మన్ ప్రతి వాక్యం చివర ఏదో ఒక చిన్న మెలిక పెడతాడు, బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ "చూశావా నన్ను" అని ఉంటుంది. కొచాల్‌స్కీలో అది లేదు. ఇంట్లో నలుగురు కూర్చున్న గదిలో వాయించినట్టుంటుంది. షోపాన్ జీవితమంతా కలిపి పబ్లిక్ కచేరీలు చేసింది ఓ ముప్ఫై, ఆయన లోకం గదుల్లోదే. ఆ కొలత కొచాల్‌స్కీకి తెలుసు. అలాగని అన్నీ బాగుంటాయని కాదు. కొన్ని ఎతూద్‌లలో ఎందుకో తొందరపడతాడు, ఎడమచెయ్యి మసకేస్తుంది.

అమ్మమ్మగారి_రేడియో
పియానో గురించి నాకు ఓనమాలు కూడా రావు కానీ ఇక్కడ లక్క గురించి ఒక మాట చెప్పాలనిపించింది. ఆ రోజుల్లో రికార్డుల్లో వాడిన షెల్లాక్ అంటే లక్కేగా. ప్రపంచానికి లక్క ఎక్కువగా పంపింది మనదేశమే, ఛోటానాగ్‌పూర్ అడవుల నుంచి. అంటే పోలండ్ ఆయన జర్మనీలో వాయించిన షోపాన్ మన అడవి పురుగుల జిగురు మీద ఎక్కింది!

ఇంకోటి. గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో పాడినవి అచ్చు కొట్టించింది జర్మనీలోని హానోవర్‌లో. మన దేశంలో ఫ్యాక్టరీ వచ్చేదాకా అన్నీ అక్కడికే వెళ్ళి వచ్చేవి. ఆ హానోవర్ కంపెనీయే మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళతో తెగతెంపులై, కుక్కబొమ్మ (గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క గుర్తు) బయటి దేశాల్లో వాడుకునే హక్కు పోగొట్టుకుని, 1924 నుంచి ఎగుమతి సరుకు మీద పాలిడార్ అని వేసింది. కొచాల్‌స్కీ రికార్డుల్లో చాలా ఆ పాలిడార్‌వే కదా.

మా తాతగారి దగ్గర పద్యనాటకాల రికార్డులు చెక్కపెట్టె నిండా ఉండేవి. పక్కకో కొత్త సూది మార్చేవారు. వాడిన సూదులు ఒక చిన్న డబ్బాలో పడేసేవారు, మేం పిల్లలం అయస్కాంతం పెట్టి ఆడుకునేవాళ్ళం. ఆయన పోయాక ఇల్లు సర్దుతూ ఎవరో పెట్టెతో సహా పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేశారు. ఎవరని చెప్పను, పండక్కి మొహాలు చూసుకోవాలి.

సూదిమొన
@అమ్మమ్మగారి_రేడియో చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. అవి ఎత్తు మీద ఎత్తు పేర్చి ఉంచినా కింద ఉన్నవి పగులుతాయి, నిలబెట్టే ఉంచాలి. ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి సామాన్లవాడికంటే ముందు నాకు ఫోన్... సరే, మెసేజ్ పెట్టండి.

వరంగల్_వాయిద్యం
రోజెంతాల్‌ది, కొచాల్‌స్కీది రెండూ ఇన్న. రోజెంతాల్ ముసలాయన కథ చెప్పినట్టు చెప్తున్నడు, నడుమ నడుమ ఆగి కన్ను గొడ్తడు. కొచాల్‌స్కీ ఆగడు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలె, ఇద్దరు గూడ పాట తిరిగి వచ్చినప్పుడు గట్టిగ చెయ్యరు, ఇంకింత సన్నగ చేస్తరు. ఇప్పటోళ్ళు మూడోసారి వచ్చేటప్పటికి పెద్దగ చేస్తరు కదా. గది గురువు దగ్గరనుంచి వచ్చిందో, ఆ కాలంల అందరు గంతేనో తెల్వది. రాహ్మానినోవ్ 1927ది గూడ ఇని చెప్త, ఆయనకు మికూలితోని సంబంధం లేదు గద.

లక్కరికార్డు
ఇది వినడమంటే! రాహ్మానినోవ్‌ను మధ్యలోకి తేవడం మంచి ఎత్తు.

మృదంగం_మూర్తి
వరంగల్ సార్ ప్రాక్టికల్ పరీక్షకు కూర్చున్నట్టున్నారు.

నల్లమెట్లు_తెల్లమెట్లు
కంపోజరు అన్నారు కదా, ఆయన రాసినవేవైనా దొరుకుతాయా? ఎవరూ ఆ ఊసెత్తలేదు.

వార్సా_వలస
చాలా రాశాడు. ఒపెరాలున్నాయి, "రిమోండ్" అనేది 1902లో ఎల్బర్‌ఫెల్డ్‌లో ఆడింది, అప్పటికి కుర్రాడు ఇరవై దాటలేదు. పియానో కాన్సర్టోలు, ప్రెల్యూడ్‌లు, జర్మన్ కవిత్వానికి కట్టిన పాటలు బోలెడు. ఇన్నాళ్ళూ దుమ్ములో ఉన్నాయి. ఆక్ట్ ప్రేయలాబ్ల్ అని ఇక్కడి చిన్న రికార్డు కంపెనీ ఒకటి వాటిని వరసగా బయటికి తెస్తోంది. నేను విన్న కొద్దిలో చెప్పాలంటే పాటలు బాగున్నాయి, పెద్ద ముక్కలు కొంచెం సాగతీత. షోపాన్ నీడ లేదని మాత్రం అనలేం.

డాలస్_బాబాయ్
ఈ 1938 రికార్డులు మన గ్రూపులో ఫైల్‌గా పెట్టుకోవచ్చా? లాయర్ల గోల ఏమైనా ఉందా?

సూదిమొన
ఇండియాలో సౌండ్ రికార్డింగ్‌కి అరవై ఏళ్ళు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్క. 1938లో విడుదలైంది 1998తో అయిపోయింది. యూరప్‌లోనూ గడువు ఎప్పుడో తీరింది. మీ అమెరికాలోనే చిక్కు. 2018 చట్టం ప్రకారం 1923 నుంచి 1946 దాకా విడుదలైనవాటికి వందేళ్ళు. మీరు 2039 జనవరి దాకా ఆగాలి బాబాయ్.

డాలస్_బాబాయ్
అప్పటికి మావాడి పెళ్ళైపోతుంది. సంగీత్‌లో వేయిస్తా.

నల్లమెట్లు_తెల్లమెట్లు
@తంత్రీలయ మేడం, ఆ పెన్సిలు రాతల పరుగులు ఒకటి రెండు నేర్చుకుని గ్రేడ్ పరీక్షలో వాయిస్తే ఎగ్జామినర్ ఏమంటారు?

తంత్రీలయ
పరీక్షలో పుస్తకంలో ఉన్నదే వాయించండి. ఎగ్జామినర్ ముందు సిలబస్ ఎడిషనే తెరిచి ఉంటుంది, అందులో లేనిది వాయిస్తే నోట్లు తప్పారనుకుంటారు. మికూలి పేరు చెప్పి మార్కులు అడగలేం. ఇంట్లో మాత్రం ఒక పని చెయ్యండి: ఎడమచెయ్యి ఒక్కటే, మెట్రోనోమ్‌తో, పాట మొత్తం. అది కదలకుండా నిలబడ్డాక కుడిచెయ్యి కలిపి, దాన్ని మాత్రం గొంతెత్తి పాడుకుంటూ వాయించండి. పరుగుల సంగతి ఆ తర్వాత. ఎకీర్ ఎడిషన్ నా దగ్గరుంది, ఆ పేజీలు ఎలా ఉంటాయో చూద్దామనుకుంటే చెప్పండి.

నల్లమెట్లు_తెల్లమెట్లు
చెప్పడమేంటి మేడం, ఇప్పుడే మెసేజ్ పెట్టా.

వరంగల్_వాయిద్యం
రాహ్మానినోవ్ ఇన్న. ఆయన మూడోసారి పెద్దగనే చేసిండు, నా చెవులకైతే. ఇంకెవరిది ఇనాల్నో చెప్పుండ్రి, ముగ్గురితోని లెక్క తేలదు.

లక్కరికార్డు
యోజెఫ్ హోఫ్‌మన్‌ది వెతకండి. కొత్త థ్రెడ్ తెరుద్దామా, ఇక్కడే కానిద్దామా?

పాత_సామాను
ఇక్కడే కానివ్వండి, లేకపోతే రావు గారు ఫీలవుతారు.